అత్తగారి గుండె మాత్ర పిల్లి కీమోలో కలపొచ్చా?

ప్రశ్న: మా పండుకి తొమ్మిదేళ్లు. నాటు పిల్లే, మగవాడు, చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. ఈ ఏడాది మొదట్లో వాంతులు మొదలయ్యాయి. నాలుగున్నర కిలోలు ఉండేవాడు మూడున్నరకి దిగాడు. స్కాన్‌లో పేగు పక్కన గడ్డ కనిపించింది. సూదితో తీసి పరీక్ష చేస్తే లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్ అని తేలింది. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, సైక్లోఫాస్ఫమైడ్, రోజూ ప్రెడ్నిసలోన్ మాత్రతో కీమో పెట్టారు. రెండు నెలలు మా పాత పండు మాకు తిరిగొచ్చాడు, బీరువా పైకెక్కి పడుకునేవాడు. ఇప్పుడు మళ్లీ వాంతులు, గడ్డ మళ్లీ పెరిగింది. ‘రెసిస్టెన్స్ వచ్చింది, అంటే గడ్డ మందుకి లొంగడం లేదు, లోమస్టిన్ అని ఇంకో మందు ఉంది, వేసి చూద్దాం, గ్యారంటీ ఏమీ లేదు’ అన్నారు డాక్టరు గారు. పిల్లులు పెంచేవాళ్ల గ్రూపులో ఒకరేమో కీమోతో పాటు వెరపామిల్ ఇస్తే రెసిస్టెన్స్ విరిగిపోతుందని రాశారు. అది మా అత్తగారు గుండె దడకి వాడే మాత్రే, ఇంట్లోనే ఉంది. ఇంకొకరు పురుగుల మందు ఫెన్‌బెండజోల్, పసుపు క్యాప్సూల్ కలిపి ఇవ్వమన్నారు. మావారు ‘ఇక చాల్లే, దాన్ని హింసించొద్దు’ అంటున్నారు. మందులు కలిపితే నిజంగా పనిచేస్తుందా? నన్నేం చేయమంటారు?
ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు:

అమ్మా, ముందు మాత్ర సంగతి చూద్దాం. వెరపామిల్ ఇవ్వకండి. ఉత్తరం రాశాక ఆగలేక ఒక ముక్క వేసి ఉంటే, ఎంత వేశారో, ఎప్పుడు వేశారో ఈ పూటే మీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. తిడతారేమోనని దాచొద్దు. లెక్క వేసి చూడండి. ఆ మాత్ర 40 మిల్లీగ్రాములది అనుకుందాం. మూడున్నర కిలోల పండుకి కిలోకి 11 మిల్లీగ్రాములు దాటుతుంది. అదే లెక్కన 60 కిలోల మనిషి చేత ఒక్క గుక్కలో 680 మిల్లీగ్రాములకు పైగా మింగించినట్టు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి మామూలుగా పెట్టుకున్న గరిష్ఠ హద్దే 480. ఆ మందు చేసే పని గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గించడం. వాంతులతో ఒంట్లో నీరు పోయి నీరసించిన పిల్లికి బీపీ ఇంకా దించితే ఉన్నచోటే కూలబడిపోతుంది.

అలాగని ఆ గ్రూపులో రాసినవాళ్లు ఊరికే గాలి కబురు చెప్పారని కాదు. దాని వెనక నిజమైన సైన్స్ ఉంది. 1976లో టొరంటోలో రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్ అనే శాస్త్రవేత్తలు మందుకు లొంగని హామ్‌స్టర్ కణాల మీద ఒక ప్రోటీన్‌ని గుర్తించారు. పి-గ్లైకోప్రోటీన్ అని పేరు పెట్టారు. అది కణం గోడలో కూర్చుని, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి పంపేస్తుంది. పడవలోకి నీరు వస్తుంటే ఒకడు చెంబుతో తోడిపోస్తూ ఉంటాడు చూడండి, అలాగన్నమాట. మందు లోపల నిలవదు, కణం మునగదు. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ లాంటివి ఇది తోడిపోసే మందుల్లో ముఖ్యమైనవి. 1981లో జపాన్‌లో తకాషి త్సురువో బృందం ఎలుకల లుకేమియా (రక్త క్యాన్సర్) కణాల్లో వెరపామిల్ ఈ పంపును అడ్డుకుంటుందనీ, అప్పుడు మొండికేసిన కణాలు మళ్లీ విన్‌క్రిస్టిన్‌కి లొంగుతాయనీ చూపించింది. పిల్లి లింఫోమా కణాల్లో కూడా ఈ పంపు ఉంది. అంతవరకూ గ్రూపువాళ్ల మాట నిజమే.

తర్వాత జరిగిందే వాళ్లు రాయలేదు. 1980లలో మనుషుల మీద ప్రయత్నించారు. ప్రయోగశాల గాజు పాత్రలో పంపును ఆపడానికి కావలసినంత వెరపామిల్ రక్తంలోకి చేరేసరికి రోగుల బీపీ పడిపోయింది, గుండె కొట్టుకునే లయ దెబ్బతింది. సరే, గుండె జోలికి పోని మందు కావాలని తర్వాత వాల్‌స్పొడార్ లాంటివి తయారుచేశారు. అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ఈ పంపు క్యాన్సర్ కణానికి మాత్రమే ఉన్న ఆయుధం అయితే బాగుండేది. పేగు లోపలి పొరలో, కాలేయంలో, మూత్రపిండంలో, మెదడుకి కాపలా కాసే రక్తనాళాల గోడల్లో కూడా అదే ఉంది. అక్కడ దాని పని విషాన్ని బయటికి గెంటి ఒంటిని కాపాడటం. దాన్ని ఆపితే కీమో మందు క్యాన్సర్‌లోనే కాదు, ఒళ్లంతా నిలిచిపోతుంది. అందుకని కీమో డోసు తగ్గించాల్సి వచ్చింది. తగ్గించాక, కలపనివాళ్ల కన్నా కలిపినవాళ్లకి ఒరిగిందేమీ పెద్దగా కనిపించలేదు. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో, గంట గంటకీ రక్తం తీసి చూసుకుంటూ చేసినా గట్టెక్కని పద్ధతి అది. ఇంట్లో పిల్లి మీద చేసే పని కాదు.

మందులు కలపడం అనే ఆలోచన మాత్రం గట్టిదే. పండుకి మొదట ఇచ్చిన వైద్యమే ఆ ఆలోచనలోంచి పుట్టింది. దాని కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మీరు తీసుకోవాల్సిన నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది.

టీబీకి ఒక్క మందు ఇవ్వరని మన ఊళ్లలో అందరికీ తెలుసు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు కోలుకున్నట్టే కోలుకుని మళ్లీ పడ్డారు. ఆ మందుకి లొంగని క్రిములు మిగిలి పెరగడమే కారణం. వేరే దారిలో దెబ్బకొట్టే మందు తోడు చేశాకే జబ్బు అదుపులోకి వచ్చింది. 1960లలో అమెరికాలో పిల్లల లుకేమియాకి వైద్యం చేసే డాక్టర్లు ఇదే పాఠం పట్టుకున్నారు. విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ నాలుగూ కలిపి ఇచ్చారు. అందులో మెథోట్రెక్సేట్ మీ జిల్లాల పక్కనే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో చేసిన పనిలోంచి వచ్చింది. మన పిల్లలకి ఆయన పేరు తెలియకపోవడం వేరే బాధ, ఇక్కడ వద్దులెండి.

కలపడం ఎందుకు పనిచేస్తుందో లెక్కలో చూస్తే బాగా అర్థమవుతుంది. ఒక గ్రాము గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయని డాక్టర్లు లెక్కకి అనుకుంటారు. పది లక్షల్లో ఒక కణం పుట్టుకతోనే ‘అ’ అనే మందుకు లొంగదు అనుకుందాం. అంటే మందు మొదలుపెట్టకముందే వెయ్యి మొండి కణాలు లోపల కూర్చుని ఉన్నాయి. మందు మిగతా అన్నిటినీ చంపేస్తుంది, గడ్డ కరిగిపోతుంది, మనం సంబరపడతాం, ఆ వెయ్యీ మెల్లగా పెరుగుతాయి. ‘ఆ’ అనే మందు వేరే దారిలో చంపుతుంది, దానికి లొంగనివి కూడా పది లక్షలకు ఒకటే అనుకోండి. రెంటికీ లొంగని కణం లక్ష కోట్లలో ఒకటి ఉంటుంది. రెండు మందులూ మొదటిరోజు నుంచీ కలిపి వేస్తే ఆ గ్రాము గడ్డలో ఒక్క మొండి కణం కూడా లేకపోవచ్చు. అసలు జబ్బు ఇంత సాఫీగా ఉండదు. గడ్డ ఒక గ్రాము దగ్గరే ఆగదు, ఒకే పంపు రెండు మూడు మందుల్నీ తోడేయగలదు. అయినా సూత్రం ఇదే.

పండుకి ఇచ్చిన మూడూ అలా ఎంచినవే. విన్‌క్రిస్టిన్ కణం రెండుగా చీలే సమయంలో దాన్ని ఆపుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ డీఎన్‌ఏని నేరుగా కెలికి పాడుచేస్తుంది. ప్రెడ్నిసలోన్ లింఫ్ కణాలకు చావు సంకేతం ఇస్తుంది. మొదటిది ఎక్కువగా పేగుల్ని, నరాల్ని ఇబ్బంది పెడితే, రెండోది ఎముక మజ్జని పెడుతుంది. అంటే ఒకే అవయవం మీద మూడు దెబ్బలు పడవు. నెదర్లాండ్స్‌లో 61 పిల్లులకి ఇవే మూడు మందులు ఇచ్చి 2002లో ప్రచురించిన ఫలితాల్లో సుమారు నాలుగింట మూడొంతుల పిల్లుల్లో గడ్డ పూర్తిగా కనపడకుండా పోయింది. కాబట్టి మీ డాక్టరు మొదట ఎంచుకున్న దారి సరైనదే. ఆ విషయంలో మీ మనసులో ఏ అనుమానమున్నా తీసేయండి.

ఇప్పుడు ఇంకో మందుకి వెళ్లేముందు, ఇది నిజంగా రెసిస్టెన్సేనా అని గట్టిగా తేల్చుకోవాలి. నా దగ్గరికి ‘కీమో పనిచేయడం లేదు’ అని వచ్చే పిల్లుల్లో కొన్నిటికి మందు కడుపులోకే వెళ్లి ఉండదు. ప్రెడ్నిసలోన్ చేదు. మాత్ర నోట్లో పెట్టి మూతి మూస్తే పిల్లి మింగినట్టే గుటక వేస్తుంది, దవడ పక్కన దాచుకుంటుంది, రెండు నిమిషాలయ్యాక నురగతో సహా సోఫా వెనక ఉమ్మేస్తుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు మంచం కింద తెల్లటి, సగం కరిగిన బిళ్లలు ఎప్పుడైనా కనిపించాయా? ఒకసారి వంగి చూడండి. మాత్ర వేశాక సిరంజితో కొంచెం నీళ్లు పట్టిస్తే లోపలికి దిగుతుంది. ప్రెడ్నిసలోన్‌ని సిరప్‌గా కూడా ఇవ్వొచ్చు.

తర్వాత తేదీలు చూసుకోండి. తెల్లకణాలు తగ్గాయనో, హైదరాబాద్ ప్రయాణం కుదరలేదనో, పండగొచ్చిందనో డోసులు ఎన్నిసార్లు వాయిదా పడ్డాయి? డోసు ఏమైనా తగ్గించారా? వారానికొకటి పడాల్సింది రెండున్నర వారాలకొకటి పడితే గడ్డకి తేరుకునే వ్యవధి మనమే ఇచ్చినట్టు. అలాంటప్పుడు కొత్త మందు కన్నా పాత మందునే సమయానికి వేయడం మేలు కావచ్చు.

ఇక, చాలామంది చెప్పడం మరిచిపోయే విషయం ఇంకొకటుంది. లింఫోమా అని తేలకముందు, ఉత్త వాంతులే అనుకున్న రోజుల్లో, పండుకి స్టెరాయిడ్ సూది ఏమైనా పడిందా? మన దగ్గర పిల్లి గోక్కున్నా, తిండి మానేసినా, కక్కినా ఒక డెక్సా పొడిచి పంపించడం అలవాటైపోయింది. పిల్లి మర్నాటికి చెంగుచెంగున గెంతుతుంది, ఇంట్లోవాళ్లు డాక్టరు చేయి మంచిదని మురిసిపోతారు. లోపల లింఫోమా ఉంటే మాత్రం అది ఒంటరి మందుతో అరకొర కీమో చేసినట్టే. గడ్డ కొన్నాళ్లు ముడుచుకుంటుంది, పరీక్షలో సరిగ్గా దొరకదు, తట్టుకుని మిగిలినవి మొండి కణాలే. ముందు స్టెరాయిడ్లు వాడిన కుక్కల్లో తర్వాత కీమో అంత బాగా పనిచేయదని తెలుసు. పిల్లుల విషయంలోనూ క్యాన్సర్ డాక్టర్లు అదే జాగ్రత్త పాటిస్తారు. జరిగి ఉంటే ఇప్పుడు వెనక్కి తీసుకోలేం. కానీ మీ డాక్టరుకి తెలిస్తే ముందు ఏం ఆశించాలో ఆయన లెక్క మారుతుంది.

సూది పరీక్ష ఒక్కటే జరిగిందని రాశారు. పిల్లి పేగు లింఫోమాల్లో రెండు రకాలు ముఖ్యం. చిన్న కణాలది నిదానంగా సాగుతుంది. దానికి క్లోరాంబుసిల్, ప్రెడ్నిసలోన్ మాత్రలు ఇంట్లోనే ఇస్తే రెండేళ్లు, ఆపైన బతికిన పిల్లులు చాలా ఉన్నాయి. పెద్ద కణాలది దూకుడుగా ఉంటుంది, ఇంజెక్షన్ల కీమో కావాలి. విడిగా తెలిసే గడ్డ ఉందంటే మామూలుగా రెండో రకమే. అయినా సూదితో తీసిన స్లైడు మీద రిపోర్టు రాసినవాళ్లు చిన్నవా పెద్దవా అని స్పష్టంగా రాశారో లేదో చూడండి. రాయకపోతే ఆ స్లైడునే ఇంకో పాథాలజిస్టుకి చూపించమని అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీలు గానీ, చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ గానీ రెండో అభిప్రాయానికి అడగదగిన చోట్లు. స్లైడు ఒక్కటే కొరియర్‌లో పోతుంది, పిల్లిని అంత దూరం తిప్పక్కర్లేదు. ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల లుకేమియా వైరస్), ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్) పరీక్షలు చేయకపోయి ఉంటే అవీ చేయించండి. నాలుగు చుక్కల రక్తం చాలు, క్లినిక్‌లోనే నిమిషాల్లో తేలుతుంది. ఎఫ్ఈఎల్‌వీ ఉన్న పిల్లుల్లో కీమో ఫలితం అంత నిలవదు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, గడ్డ నిజంగానే మొండికేసింది అనుకుందాం. అప్పుడు లోమస్టిన్ అన్న మీ డాక్టరు మాట నాకు నచ్చింది, కారణం చెబుతాను. మందు పేరు మారినంత మాత్రాన దారి మారినట్టు కాదు. విన్‌క్రిస్టిన్ పనిచేయడం లేదని డాక్సోరూబిసిన్‌కి వెళితే, మొండితనం ఆ పంపు వల్లే వచ్చి ఉంటే అది దీన్నీ తోడేస్తుంది. పైగా డాక్సోరూబిసిన్ పిల్లుల మూత్రపిండాల మీద పడుతుంది. తొమ్మిదేళ్ల పిల్లిలో అది ఆలోచించాల్సిన సంగతే. లోమస్టిన్ ఆ పంపుకి చిక్కే రకం కాదు. నోటి ద్వారా ఇచ్చేది, డీఎన్‌ఏని దెబ్బకొట్టేది, మూడు నుంచి ఆరు వారాలకి ఒకసారి చాలు. సైక్లోఫాస్ఫమైడ్ కూడా డీఎన్‌ఏ మీదే పనిచేస్తుంది కాబట్టి దానికి అలవాటుపడ్డ కణాలు దీనికీ కొంత ఎదురు తిరగొచ్చు. అందుకే ఆయన గ్యారంటీ లేదన్నారు. కొందరు డాక్టర్లు మొదట్లో ఎల్-ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్ కూడా జతచేస్తారు. అది లింఫోమా కణాలకి కావలసిన ఒక అమైనో ఆమ్లాన్ని రక్తంలో లేకుండా చేస్తుంది, మజ్జ జోలికి పెద్దగా పోదు. లోమస్టిన్‌తో అది కలుస్తుందా, దొరుకుతుందా అని అడగండి. మీరు వెతుకుతున్న ‘కలిపే మందు’ ఏదైనా ఉందంటే ఇలాంటిదే. వేరే దారిలో చంపాలి, వేరే చోట ఇబ్బంది పెట్టాలి. ఈ రెండూ లేకపోతే కలపడంలో అర్థం లేదు.

లోమస్టిన్ విషయంలో మూడు జాగ్రత్తలు. ఇది మనుషుల కోసం తయారైన క్యాప్సూల్. పిల్లికి పట్టేది 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. షాపులో 40 మిల్లీగ్రాములదే ఉందంటే దాన్ని ఇంట్లో విప్పి నాలుగు పొట్లాలు కట్టొద్దు. ఆ పొడి మీ ఊపిరిలోకి పోకూడదు, పైగా సమానంగా పంచడం కుదరదు. సరైన మోతాదు ఎక్కడ చేయించాలో డాక్టరునే అడగండి. రెండోది, తెల్లకణాలు వారానికే పడి వారానికే లేచే మందు కాదిది. కొన్ని పిల్లుల్లో మూడు నాలుగు వారాలయ్యాక కూడా అట్టడుక్కి వెళతాయి, ప్లేట్‌లెట్లు కూడా తగ్గొచ్చు. అందుకని మొదటి డోసు తర్వాత వారం వారం రక్తపరీక్ష చేయించండి. పిల్లి మూలన ముడుచుకుని ఒళ్లు కాలుతుంటే, జ్వరం 103 డిగ్రీలు దాటితే, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రి చేతికి దొరికిన డోలో బిళ్ల మాత్రం ముట్టుకోకండి. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు. మూడోది, లిట్టర్ ట్రే గ్లౌజులు వేసుకుని శుభ్రం చేయండి. ఇంట్లో గర్భిణులుంటే ఆ పని వాళ్లకి వద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ‘మా బంధువుల అబ్బాయి క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీలో ఉన్నాడు, మిగిలిన మందు తెచ్చిస్తాడు’ అనేవాళ్లు ఉంటారు. సిస్‌ప్లాటిన్ మనుషుల్లో ఎంతో మందిని బతికించింది. అదే పిల్లికి వేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి చచ్చిపోతుంది. 5-ఫ్లోరోయురాసిల్ మెదడుని దెబ్బకొడుతుంది, చర్మం మీద రాసే క్రీము నాకినా చాలు. మనిషికి, కుక్కకి పనిచేసిందని పిల్లికి వేయకూడదు.

ఇక గ్రూపులో చెప్పిన మిగతావి. ఫెన్‌బెండజోల్ పురుగుల మందుగా పిల్లులకి వాడతాం, అందులో తప్పేం లేదు. గాజు పాత్రలో క్యాన్సర్ కణాల మీద పనిచేసిందని దాన్ని పట్టుకుని నెలల తరబడి ఇవ్వడంతోనే చిక్కు. జంతువుల్లో దానివల్ల ఎముక మజ్జ అణగిపోయిన ఉదంతాలు ఉన్నాయి. లోమస్టిన్ కొట్టేదీ ఆ మజ్జనే. ఇందాక చెప్పిన సూత్రానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పసుపు క్యాప్సూల్ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో మిరియాల సారం పైపరిన్ కలిపి ఉంటుంది. పసుపు ఒంటికి పట్టడం లేదని దాన్ని వేస్తారు. ఆ పైపరిన్ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైముల్ని, మనం ఇంతసేపూ మాట్లాడుకున్న ఆ పంపునీ అడ్డుకుంటుంది. అంటే సహజమైనది కదా అని ఇచ్చేది మనకి తెలియకుండానే కీమో డోసుని మార్చేస్తుంది. వద్దు.

గ్రూపుల్లో కనపడని కలయికలు ఇంట్లోనే ఉంటాయి, నాకు వాటి మీదే టెన్షన్. పండుకి తామర వచ్చి ఇట్రాకొనజోల్ ఇచ్చారా? అది విన్‌క్రిస్టిన్‌ని ఒంట్లోంచి పోనివ్వదు, పేగులు స్తంభించిపోయేదాకా వెళ్లొచ్చు. చెవిలో పురుగులకి, గజ్జికి ఐవర్‌మెక్టిన్ సూది పడిందా? మెదడులోకి పోకుండా దాన్ని ఆపేది ఆ పంపే. కొన్ని పిల్లులకి పుట్టుకతోనే ఆ పంపు జన్యువులో లోపం ఉంటుంది, వాటికి అది ప్రాణాంతకం. నొప్పికని మెలాక్సికామ్ ఎవరైనా రాశారా? ప్రెడ్నిసలోన్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. గత మూడు నెలల్లో పండు ఒంట్లోకి వెళ్లిన ప్రతి మందు పేరూ ఒక కాగితం మీద రాసి, లోమస్టిన్ మొదలుపెట్టకముందే డాక్టరు చేతిలో పెట్టండి. చెవిలో చుక్కలతో సహా.

ఎవరూ పొగడని కలయిక ఒకటుంది. వాంతులకి మారోపిటాంట్, ఆకలికి మిర్టజాపిన్, బి12 ఇంజెక్షన్లు. పేగు లింఫోమా ఉన్న పిల్లుల్లో బి12 తరచుగా తగ్గిపోతుంది, అది తగ్గితే ఆకలి చస్తుంది. ఇవేవీ గడ్డని కరిగించవు. కానీ పిల్లి తింటేనే బరువు నిలుస్తుంది, బరువు నిలిస్తేనే కీమో సమయానికి పడుతుంది. కీమో మొదటి నెలలో బరువు తగ్గిన పెద్ద కణాల లింఫోమా పిల్లులు తక్కువ కాలం బతికాయని గమనించారు కూడా. కాబట్టి రోజూ ఒకే సమయానికి తూకం వేయండి. పసిపిల్లల్ని తూచే కాటా ఉంటే మంచిది, లేకపోతే మీరు ఎత్తుకుని ఎక్కి మీ బరువు తీసేయండి. ఏం తినాలన్నది పండు ఇష్టానికే వదిలేయండి. ఉడికించిన చేప, కోడి మాంసం గోరువెచ్చగా పెట్టండి, వాసన తగిలితే వస్తాడు. పచ్చి మాంసం మాత్రం ఈ రోజుల్లో వద్దు.

మీవారి మాటకొద్దాం. ఆయన్ని కఠినాత్ముడని అనుకోకండి, సరైన ప్రశ్నే అడుగుతున్నారు. జవాబు కొంచెం పక్కన ఉంది, అంతే. పిల్లులకి కీమో మనుషులకి ఇచ్చినట్టు ఇవ్వరు. జబ్బుని వేళ్లతో పెకలించాలని పంతం పట్టం, బతికిన రోజులు హాయిగా గడవాలని తక్కువ డోసులో ఇస్తాం. చాలా పిల్లులకి మీసాలు రాలడం తప్ప బొచ్చు కూడా పెద్దగా ఊడదు. పండు మొదటి రెండు నెలలు బీరువా ఎక్కాడని మీరే రాశారు. ఆ రోజులు హింస కాదు. అయితే మీకూ ఒక నిజం చెప్పాలి. రెండో విడతలో వచ్చే ఉపశమనం మామూలుగా మొదటిదానికన్నా తక్కువ కాలమే ఉంటుంది. నెలలు రావచ్చు, వారాలే రావచ్చు, అసలు రాకపోవచ్చు. అమెరికాలో, ఇలాగే కీమోకి లొంగని పేగు లింఫోమా ఉన్న 11 పిల్లులకి పొట్టకి రెండు రోజులు తక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తే 10 పిల్లులు స్పందించాయి. మన దగ్గర జంతువులకి రేడియేషన్ దొరకడం చాలా కష్టం, పైగా 11 పిల్లులంటే చిన్న లెక్క. గ్రూపులో ఎవరైనా ఆ సంగతి చెప్పి ఊరించినా అప్పులు చేసి పరిగెత్తకండి.

లోమస్టిన్ వేయించకూడదనుకున్నా తప్పు లేదు. ప్రెడ్నిసలోన్, వాంతుల మందు, బి12 మీద కొన్ని వారాలు హాయిగా ఉంచి, లేవలేని స్థితి వచ్చినప్పుడు నొప్పి లేకుండా నిద్రపుచ్చమని అడగడం కూడా వైద్యమే. అది ఓటమి అని ఎవరైనా అంటే వినకండి.

నన్నడిగితే, పండు ఇప్పటికీ తనంతట తానే గిన్నె దగ్గరికి వస్తూ, రక్తంలో తెల్లకణాలు, మూత్రపిండాల లెక్కలు బాగుంటే, లోమస్టిన్ ఒక డోసు వేయించండి. వేయించే ముందే మీరూ మీవారూ కూర్చుని ఎక్కడ ఆపాలో రాసుకోండి. వరుసగా రెండు రోజులు ఏమీ తినకపోతే, బరువు మూడు కిలోల కిందికి దిగితే, ట్రేలో కాక పడుకున్నచోటే మూత్రం పోస్తే, ఇలా మీ పిల్లికి తగ్గట్టు. రెండో డోసుకి ముందు అదే స్కాన్ సెంటర్‌లో, వీలైతే అదే డాక్టరు చేత స్కాన్ చేయించి, గడ్డ కొలతని పాత రిపోర్టు పక్కన పెట్టి చూడండి. తగ్గినా, ఉన్నంతే ఉన్నా రెండో డోసు వేయించండి. పెరిగిందంటే మూడో మందు పేరు ఎవరు చెప్పినా దానివైపు వెళ్లొద్దు, ప్రెడ్నిసలోన్‌తో ఇంటికి తీసుకెళ్లండి.